పెరటి సేద్యం: తుంగ మొలిచే నేల మీద కప్పు వేసి కూరగాయలు

"నాలుగు సెంట్ల పెరడు ఉందన్న పేరే గానీ అందులో తుంగ, గరిక తప్ప మరేమీ పండటం లేదు. తవ్వినవారికి ఇచ్చిన కూలి డబ్బుతో సంతలో కూరగాయలు కొనుక్కున్నా సరిపోయేది" అని ఒక సహోదరి మొన్న మాతో చెప్పుకుని బాధపడ్డారు. ఆ మాట వింటుంటే మాకు మా మొదటి సంవత్సరమే గుర్తుకు వచ్చింది.

మేము ఇప్పుడున్న ఇంటికి వచ్చిన ఏడు, తొలకరి పడగానే మనిషిని పెట్టి పెరడంతా తవ్వించాము. వంగ, టమాటా నారు నాటాము. నెల తిరగకముందే తుంగ మొక్కలను మించిపోయింది. మళ్ళీ తవ్వించాము. ఈసారి ఇంకా ఒత్తుగా వచ్చింది. మా ఇంట్లో పెద్దావిడ ఊరుకోలేక రోజూ వంగి పీకి పీకి, నడుము పట్టేసి పది రోజులు మంచం దిగలేదు. ఆ ఏడు మా పెరటి వంకాయ కూర రెండు పూటలు తిన్నాము, అంతే.

తప్పు ఎక్కడ జరిగిందో తరువాత తెలిసింది. తుంగకు నేలలో గడ్డలు ఉంటాయి. అవి ఒకదానికొకటి సన్నని వేళ్ళతో గొలుసులాగా కలిసి ఉంటాయి. గొలుసు తెగనంతవరకు చాలా గడ్డలు మొలకెత్తకుండా నిద్రపోతాయి. తడి నేలలో పారతో నరికితే గొలుసు తెగి, నిద్రపోయే గడ్డలన్నీ లేచి మొలుస్తాయి. అంటే మేము కూలి ఇచ్చి మరీ తుంగను నాటించుకున్నామన్నమాట! గరిక సంగతీ ఇంతే, తెగిన ప్రతి కణుపూ ఒక మొక్క అవుతుంది.

దుకాణంలో కలుపు మందు కొట్టమన్నారు. గ్లైఫోసేట్ వాడకం మీద 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వమే ఆంక్షలు పెట్టింది. పిల్లలు, కోళ్ళు తిరిగే పెరట్లో అది మాకు ఇష్టం లేకపోయింది. పైగా ఆ మందు తుంపర పడితే వంగ మొక్కా మాడిపోతుంది.

అప్పుడు నేలను కప్పి, ఆ కప్పులోనుండే మొక్కలు పెంచే పద్ధతి పట్టాము. ఇదేమీ కొత్త విద్య కాదు. జపాను రైతు మసనోబు ఫుకువోకా పొలం దున్నకుండా, కోసిన వరిగడ్డినే తిరిగి నేల మీద పరిచి పంటలు పండించారు. ఆయనకు 1988లో మెగసెసే పురస్కారం లభించింది. అయితే ఫుకువోకా గారికి మన గేదెలు లేవు! మన ఇళ్ళలో గడ్డి అంటే పశువుల నోటి కూడు, దాన్ని నేలపాలు చేస్తే ఇంట్లో గొడవే. అందుకని మేము వాము అడుగున తడిసి నల్లబడి, పశువులు ముట్టని గడ్డి తీసుకుంటాము. చాలకపోతే చెరకు ఆకు, వేరుశనగ పొట్టు, ఎండు మామిడాకులు కలుపుతాము. వయ్యారిభామను కూడా పూత రాకముందు కోసి వేయవచ్చు గానీ చేతికి తగిలితే కొందరికి దురదలు, దద్దుర్లు వస్తాయి గనుక మేము దాని జోలికి పోము.

పని రోహిణి కార్తెలో మొదలుపెట్టాలి. నేల పొడిగా ఉన్నప్పుడు ఒక్కసారి లోతుగా తవ్వి, పైకి వచ్చిన తుంగ గడ్డలను ఆ ఎండకు ఎండనివ్వాలి. ఎండిన గడ్డ తిరిగి మొలవదు. తవ్వకం ఆ ఒక్కసారే. తొలకరికి లేచిన కలుపును నేల మట్టానికి కోసి అక్కడే పడవేయాలి. దాని మీద అట్టపెట్టెలను విప్పి, ఒకదాని మీద ఒకటి అర అడుగు ఎక్కేలా పరచాలి. సందు వదిలితే గరిక అక్కడినుండే తల ఎత్తుతుంది. అట్టలను బాగా తడిపి, పైన అర అడుగు మందాన గడ్డి వేయాలి. కొద్ది వారాలకే అది సగానికి అణిగిపోతుంది, గనుక పిసినారితనం పనికిరాదు. తరువాత రెండడుగులకు ఒకచోట గడ్డి తొలగించి, అట్టకు రంధ్రం చేసి, రెండు దోసిళ్ళ చివికిన పశువుల ఎరువు వేసి నెల వయసు నారు నాటాలి. వంగ, టమాటా ఇలాగే. బీర, సొర, గుమ్మడి అయితే గింజలే పెట్టవచ్చు. తోటకూర, మెంతి వంటి సన్న విత్తనాలు మాత్రం కప్పు కింద రావు. వాటికి వేరే మడి ఉంచుకోవాలి.

మేము చేసిన పొరపాట్లు కూడా చెప్పాలి. గడ్డిని మొక్క మొదలుకు ఆనించి వేస్తే, చెదలు పట్టి ఏడు వంగ మొక్కలు పోయాయి. ఇప్పుడు మొదలు చుట్టూ జానెడు ఖాళీ వదిలి, అట్టల కింద వేపపిండి చల్లుతున్నాము. చివకని గడ్డి మట్టిలో కలిసిన చోట ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. ఆ గడ్డిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తీసుకోవడం వలన అలా అవుతుంది. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు పోస్తే తేరుకున్నాయి. మరొక మాట, గడ్డిలోకి చేయి పెట్టే ముందు కర్రతో కదపండి. తేళ్ళకు అది మంచి ఇల్లు.

ఒక ఏడు నల్ల ప్లాస్టిక్ షీటు కూడా వేశాము. గరిక అణిగింది గానీ, తుంగ సూదిలాంటి మొనతో షీటును పొడుచుకుని పైకి వచ్చింది! డబ్బు పోయింది, చిరిగిన ప్లాస్టిక్ ఏరుకునే పని మిగిలింది. గడ్డిలోనుండి కూడా తుంగ వస్తుంది. అబద్ధం చెప్పము. అయితే పలచగా, పాలిపోయి వస్తుంది. కింద నేల మెత్తగా ఉంటుంది గనుక గడ్డతో సహా చేతికి వస్తుంది. తుంగకు నీడ పడదు. అందుకే మరీ మొండిగా ఉన్న చోట గుమ్మడి తీగ పాకిస్తాము.

ఇది మాకు మూడవ సంవత్సరం. రోజు విడిచి రోజు నీళ్ళు పోసేవారము, ఇప్పుడు వర్షం లేకపోయినా నాలుగు రోజులకు ఒకసారి సరిపోతున్నది. పెద్దావిడ పీట వేసుకుని కూర్చుని కలుపు తీస్తున్నారు, పట్టుమని పావుగంట పని. పశువుల పాక వెనుక మూల మాత్రం ఇంకా తుంగదే. అక్కడికి ఈ ఏడు అట్టలు చాలలేదు. కిరాణా కొట్టు అబ్బాయితో ఇప్పటినుండే చెప్పి ఉంచాము.