కష్టాలకు దండలు వేయకండి

వట్టికోట ఆళ్వారుస్వామి గారి 'ప్రజల మనిషి' (1955) ప్రస్తావన వస్తే చాలు, కంఠీరవాన్ని కష్టాలే తీర్చిదిద్దాయని మనవాళ్ళు తీర్మానించేస్తున్నారు. రచయిత జీవితానికీ అదే సూత్రాన్ని అంటగడుతున్నారు. ఈ మాటతోనే నాకు పేచీ.

కష్టాలకే అంత శక్తి ఉంటే మా తిరుమలగిరి హోటళ్ళలో గ్లాసులు కడిగిన పిల్లలందరూ ఆళ్వారుస్వాములు కావలసింది. కాలేదే! నీళ్ళలో చేతులు నానడం తప్ప వారికి దక్కిందేమిటి? (పేదరికం గొప్ప బడి అనేవారు తమ పిల్లల్ని మాత్రం ఆ బడిలో వేయరు లెండి.)

నకిరేకల్ ప్రాంతపు చెరువు మాదారంలో పుట్టి, చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, ఒక ఉపాధ్యాయునికి వండిపెడుతూ చదువుకున్న కుర్రవాడాయన. బెజవాడలో హోటలు సర్వరుగా కూడా పనిచేశారు. ఇంతవరకూ ఉన్నది కష్టమే. దాని పక్కనే అక్షరం చెప్పిన గురువు ఉన్నాడు, గ్రంథాలయోద్యమంలో భుజం కలిపిన మిత్రులున్నారు. వారిని ఎందుకు మరుస్తాం? 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాల మూటతో ఊరూరా తిరిగింది తనకు అందినది పదిమందికీ అందించడానికే. కంఠీరవం సైతం ఒంటరిగా ఎదగలేదు. జనంతో కలిసి నడిచేకొద్దీ మారాడు.

నిజామాబాదు జైలు సంగతే చూడండి. అక్కడి బాధ ఖైదీలందరికీ ఒక్కటే. దాశరథి కృష్ణమాచార్య గారు బొగ్గుతో గోడ మీద పద్యాలు రాస్తూంటే పక్కన నిలిచినవారు ఆళ్వారుస్వామి. 1949లో వెలువడిన 'అగ్నిధార'ను దాశరథి అంకితమిచ్చింది జైలుకు కాదు, ఆ స్నేహితునికి.