బీటకు పూత చాలదు, పట్టు కావాలి

భూకంపానికి గోడ బీటలు వారితే మనవాళ్లు చేసేవి రెండే పనులు: కూలగొట్టడం, లేదంటే సిమెంటు మెత్తి రంగేయడం. మొదటిది చాలాసార్లు అనవసరం. రెండోది ప్రాణాంతకం.

ఇటలీలోని అసీసీ సంగతి చూడండి. 1997 సెప్టెంబరు 26 వేకువన భూమి కంపించింది. సెయింట్ ఫ్రాన్సిస్ బసిలికాకు ఎంత నష్టం జరిగిందో చూడటానికి నిపుణులు, మఠవాసులు లోపలికి వెళ్లారు. మధ్యాహ్నం కాకముందే మళ్లీ కుదిపింది. కమాను కప్పు కొంత కూలి నలుగురు చనిపోయారు. శతాబ్దాలుగా కప్పు మీద పేరుకున్న రాళ్లూరప్పల బరువు ఇందుకు ముఖ్య కారణమని ఇంజినీరు జార్జో క్రోచి తేల్చారు. ఆ బరువు దింపించి, చెక్క చుట్టూ అరమిడ్ నారను రెజిన్‌తో అతికించిన సన్నటి దూలాలను కమాను పైభాగాన వంపుగా అమర్చారు. బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాల్లో వాడే నారే అది. 1999 నవంబరులో చర్చి మళ్లీ తెరిచారు. కిందినుంచి కుడ్యచిత్రాలు చూసేవారికి ఆ దూలాలు కనబడవు.

గోడకైనా ఇదే సూత్రం. ఇటుక, రాయి పైబరువును బాగా మోస్తాయి, లాగితే మాత్రం విడిపోతాయి. భూకంపం గోడను అటూ ఇటూ ఊపుతుంది కాబట్టే కిటికీల మధ్య ఇంటూ గుర్తులా బీటలు పడతాయి. ఆ లాగుడును నార పట్టుకుంటుంది. అయితే ముందు పాత పూత చెక్కి, దుమ్ము కడిగి, బీట లోతుకంటా పలచటి గచ్చు ఎక్కించాలి. ఆ తర్వాతే గ్లాస్ ఫైబర్ మెష్‌ను గోడకు రెండువైపులా పరిచి, రంధ్రాల గుండా ఒకదానితో ఒకటి బిగించాలి. పాత సున్నపు గోడకు ఎపాక్సీ రెజిన్ పట్టించడాన్ని నేను ఒప్పుకోను. లోపలి చెమ్మ బయటికి పోదు, మంట తగిలితే జిగురు పట్టు వదిలేస్తుంది. అక్కడ సున్నపు గచ్చులోనే మెష్‌ను పొదగాలి.

మనకు భూకంపాల భయం లేదనుకోవద్దు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతాలు కంపించాయి. 1993లో పొరుగునే ఉన్న లాతూరులో, మట్టితో పేర్చిన రాతిగోడలు నిద్రలో ఉన్నవాళ్ల మీద పడ్డాయి. అలాంటి గోడలు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి.

ప్రభుత్వాలు ముందు పాత బడుల గోడలను పరీక్ష చేయించాలి, మేస్త్రీలకు ఈ పని నేర్పించాలి. మీ ఊరి బడి గోడ మీద ఏటవాలు బీట కనిపిస్తే దయచేసి సిమెంటుతో కప్పేయకండి, ముందు ఇంజినీరుకు చూపించండి.