మారుపేరు: ఒకరికి తలదాపు, మరొకరికి ముసుగు

సామాజిక మాధ్యమాల్లో నకిలీ ఖాతాల ఆగడాలు శ్రుతిమించినప్పుడల్లా ఒకే పరిష్కారం ముందుకొస్తుంది: ప్రతి ఖాతాకూ గుర్తింపు కార్డు జోడించాలి, అసలు పేరు చెప్పనివారిని మాట్లాడనివ్వకూడదు. తప్పు చేయనివాడికి పేరు చెప్పుకోవడానికి భయమెందుకన్నది ఈ వాదనకు ఆయువుపట్టు. పేరులోనే కులం పలికే సమాజంలో ఆ ప్రశ్న వినిపించేటంత అమాయకమైనది కాదు.

1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరడానికి వెళ్లిన అంబేడ్కర్‌కు ఆ నగరంలో తలదాచుకునే చోటు దొరకలేదు. పార్సీల సత్రానికి వెళితే అది పార్సీలకు మాత్రమేనన్నారు. చివరికి సత్రం నిర్వాహకుడితో ఒప్పందం కుదుర్చుకుని, రిజిస్టరులో పార్సీ పేరు రాసి, రోజుకు రూపాయిన్నర చెల్లిస్తూ అక్కడ ఉన్నారు. పదకొండో రోజున కర్రలు చేతబట్టిన పార్సీల గుంపు వచ్చి ఖాళీ చేయమన్నది. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివివచ్చిన మేధావి మారుపేరుతో బతకవలసి రావడాన్ని మోసమని ఎవరైనా అనగలరా? ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయనే ఈ ఉదంతాన్ని దాపరికం లేకుండా రాసుకున్నారు.

మన దగ్గర కులం తెలుసుకోవడానికి కులమేమిటని అడగనక్కరలేదు. ఇంటిపేరు, ఊరు, ఊళ్లో ఏ వీధి అన్న మూడు ప్రశ్నలు చాలు. అద్దె ఇల్లు వెతుక్కునే దళిత యువకుడు ఇంటిపేరును పొడి అక్షరంలోకి కుదించుకోవడం, ఊరికి బదులు పక్క పట్టణం పేరు చెప్పడం ఇందుకే. తెరమీద ఖాతా తెరిచేటప్పుడూ అతడు చేసేది అదే. కులరహితమైన పేరుతో మాట్లాడినప్పుడే తన మాటను మాటగా వింటారని అతడికి అనుభవం నేర్పింది. ఈ దాపరికం సుఖమైనదేమీ కాదు. ఏళ్ల తరబడి కులం దాచి బతికిన జర్నలిస్టు యశికా దత్, 2016 జనవరిలో రోహిత్ వేముల మరణం తర్వాతే తాను దళితురాలినని బహిరంగంగా ప్రకటించగలిగారు. అంతకు రెండు దశాబ్దాల ముందే, 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం మాదిగ అన్న మాటను పేరు చివర సగర్వంగా నిలిపింది. కానీ ఆ ధైర్యం వెనుక వేల మంది ఉన్నారు. హాస్టల్ గదిలో ఒంటరిగా ఫోన్ పట్టుకున్న విద్యార్థిని వెనుక ఎవరున్నారు?

దీనికి పూర్తిగా ఎదురుదిశలో సాగే నటన మరొకటి ఉంది. ముస్లిం మహిళల ఫొటోలను వేలానికి పెట్టిన ‘బుల్లీ బాయి’ యాప్ కేసులో నిందితులు సిక్కుల పేర్లతో ఖాతాలు నడిపారని, దానివల్ల రెండు సమాజాల మధ్య వైషమ్యం రగిలే ప్రమాదం ఉండేదని 2022 జనవరిలో ముంబై పోలీసులు వెల్లడించారు. కులం విషయంలోనూ ఇదే కిటుకు పనికొస్తుంది. రిజర్వేషన్లు అక్కరలేదని ఆధిపత్య కులస్తుడు రాస్తే అది అతడి అభిప్రాయం మాత్రమే. దళిత పేరు తగిలించుకుని రాస్తే సాక్ష్యంగా చెలామణీ అవుతుంది. పీడితుడి అనుభవానికున్న విలువను పైసా ఖర్చు లేకుండా కాజేయడమిది. ఎస్సీ వర్గీకరణపై 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వెలువడ్డాక మాల, మాదిగల మధ్య వాదోపవాదాలు ఎంత సున్నితమయ్యాయో తెలిసిందే. ఇటొక పేరు, అటొక పేరు పెట్టుకుని ఒకే చేయి రెండువైపులా నిప్పు పెట్టగలదు.

చట్టం ఇక్కడే తడబడుతుంది. కంప్యూటర్ ద్వారా మరొకరిగా నటించి మోసగించడం ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకూ జైలుశిక్ష పడే నేరం. ఒక కులంగా నటించడానికి మాత్రం ప్రత్యేకించి నేరమంటూ లేదు. ఇంటర్నెట్‌లో చేసిన కుల దూషణకూ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది, మంచిదే. కానీ ఆ చట్టం వర్తించాలంటే నిందితుడు ఎస్సీ, ఎస్టీ కానివాడై ఉండాలి. దళిత పేరున్న ఖాతా నుంచి దళితుడికి తిట్లు వస్తే, ‘ఇది మీలో మీకు గొడవ’ అని స్టేషన్ గుమ్మంలోనే తిప్పి పంపడానికి సాకు సిద్ధంగా ఉంటుంది. అరువు తెచ్చుకున్న పేరు ఆ విధంగా చట్టం నుంచి కూడా రక్షణ కల్పిస్తుంది.

గుర్తింపు కార్డు నిర్బంధం ఈ రెండు నటనలనూ ఒకే గాటన కడుతుంది. దాడి చేసేవాడు మరొకరి సిమ్‌తో పని కానిస్తాడు. తలదాచుకున్నవాడు మాత్రం బయటపడతాడు. 2021 ఐటీ నిబంధనలు పెద్ద సామాజిక మాధ్యమ సంస్థల్లో ఖాతాల ధ్రువీకరణను స్వచ్ఛందంగానే ఉంచాయి, అలాగే ఉండనివ్వాలి. అవే నిబంధనల ప్రకారం, దర్యాప్తు సంస్థ లిఖితపూర్వకంగా కోరితే 72 గంటల్లోగా సమాచారం ఇవ్వవలసిన బాధ్యత ఆ సంస్థలదే. కుల దూషణపై అందిన ఫిర్యాదుల్లో ఎన్నింటి విషయంలో అలాంటి లేఖ వెళ్లిందో రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు శాఖలు ముందు లెక్క చెప్పాలి. అందరి గుర్తింపు కార్డులు అడగడం గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.