ఒకే సీసా అందరికీ చాలునా?

ఎముక తెల్లగా, గాలి నల్లగా కనిపించే సి.టి. స్కానులో నెత్తురూ కండరమూ ఇంచుమించు ఒకే బూడిదవన్నెలో కలిసిపోతాయి. 1971లో హౌన్స్‌ఫీల్డ్ లండన్‌లో తన యంత్రంతో తొలి రోగి మెదడును చిత్రించిన నాటినుండీ ఈ చిక్కు ఉన్నదే. అందుకే రక్తనాళాలను చూడదలచినప్పుడు చేతిసిర ద్వారా అయోడిన్ కలిగిన కాంట్రాస్ట్ మందును ఎక్కిస్తారు. అయోడిన్ ఎక్స్‌కిరణాలను బాగా పీల్చుకొంటుంది కనుక మందు చేరిన నాళం తెల్లగా మెరుస్తుంది.

ఆ మెరుపు క్షణికం. మందు సిర నుండి గుండెకు, ఊపిరితిత్తులకు, తిరిగి గుండెకు వచ్చి బృహద్ధమనిని చేరడానికి ఆరోగ్యవంతునిలో సుమారు 20 సెకన్లు పడుతుంది. కొద్దిసేపటికే పలచబడుతుంది. తొందరపడితే ధమని ఇంకా వెలగదు. ఆలస్యమైతే సిరలు కూడా వెలిగి రెండింటినీ వేరుచేయడం కష్టమవుతుంది.

1998లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో క్యోంగ్టే బే, ఆయన సహచరులు ఈ ప్రయాణాన్ని గణితంలోకి దించారు. శరీరాన్ని ఒకదానితో ఒకటి కలిసిన గదులుగా భావించి, ఒక్కొక్క గదిలోకి ఎంత మందు వస్తుందో, ఎంత పోతుందో సమీకరణాలుగా రాసి కంప్యూటరుతో లెక్కగట్టారు. గుండె బలహీనపడితే మెరుపు ఆలస్యమవుతుందని మనమూ ఊహించగలం. కాని ఆ మెరుపు తగ్గదు, మరింత పెరుగుతుంది! నెమ్మదైన ప్రవాహంలో మందు అంతగా పలచబడకపోవడమే కారణం. పందులపై జరిపిన ప్రయోగాలు దీనిని ధ్రువపరచాయి.

అందరికీ ఒకే మోతాదు, ఒకే నిరీక్షణ అన్న పద్ధతి పైకి సమానత్వంలా తోస్తుంది. అది ఉపేక్ష అని నా అభిప్రాయం. 40 కిలోల వృద్ధురాలికీ 90 కిలోల యువకునికీ ఒకే సీసా ఎక్కిస్తే ఆమెకు అవసరాన్ని మించుతుంది, అతనికి చాలదు. చిత్రం చెడితే మళ్ళీ మందు, మళ్ళీ కిరణాలు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఆ రెండవ విడత సామాన్యమైన విషయం కాదు. సాహిత్యం చదువుకొన్నవాణ్ణి కనుక క్షేమేంద్రుని ఔచిత్యచర్చ నాకిక్కడ గుర్తుకు వస్తుంది. పాత్రనెరిగి మాట వాడమని చెప్పే శాస్త్రం అది.

మెరుపు వస్తున్నదో లేదో యంత్రమే కనిపెట్టి, తగిన స్థాయి చేరగానే చిత్రణ మొదలుపెట్టే ఏర్పాటు ఉన్నది గదా, ఇక లెక్కలెందుకని కొందరు అనవచ్చు. ఆ ఏర్పాటు మంచిదే. గుండెవేగం రోగిరోగికీ మారుతుంది. సగటు మనిషిపై కట్టిన నమూనా దానిని పూర్తిగా పసిగట్టలేదు. అయితే ఆ కాపలా ‘ఎప్పుడు’ అన్నది మాత్రమే చెబుతుంది. ‘ఎంత’, ‘ఎంత వేగంగా’ అన్నవి సూది గుచ్చకముందే తేలాలి. అక్కడ నమూనాకు ప్రత్యామ్నాయం ఊహ ఒక్కటే.

ఇందుకు వెంటనే కొత్త యంత్రాలు కొననక్కరలేదు. స్కాను గది గుమ్మం వద్ద ఒక తూనిక యంత్రం ఉంచాలి. రోగిని పంపే వైద్యుడు గుండెజబ్బు వివరమూ, మూత్రపిండాల పరీక్షాఫలితమూ చీటీపైనే రాసి పంపాలి.