అంటుమామిడియు మానవశిశువును

మనుష్యునకు ప్రతిరూపమును ప్రయోగశాలయందు కల్పింపవచ్చునా, కల్పింపదగునా యను ప్రశ్న దూరదేశముల పండితులు తేల్చుకొనవలసినదే కాని, శ్రీకాకుళ విజయనగర మండలముల వారికి దానితో నేమి ప్రసక్తియని కొందఱు తలంపవచ్చును. మే మట్లు తలంపము. ఉద్దానమునందు మూత్రపిండములు చెడి, వారమునకు రెండు మూడు పర్యాయములు యంత్రముచే రక్తమును శుద్ధి చేయించుకొనుచు ప్రాణములు నిలుపుకొనుచున్నవా రెందఱో కలరు. చెడిన యవయవమునకు బదులు క్రొత్తదానిని పెంపవచ్చునని యాశచూపు శాస్త్రము వారికి పరాయిది కానేరదు. ఆ యాశ యెవరి దేహమును వ్యయపఱచి తీర్పబడునో విచారించుటయు మన విధియే.

క్లోను అను మాట గ్రీకుభాషలో చిగురుకొమ్మకు పేరు. ఆ విద్య మన రైతునకు క్రొత్త కాదు. మామిడికి అంటుకట్టినవాడును, అరటిపిలకను త్రవ్వి వేఱొకచోట నాటినవాడును ప్రతిరూపసృష్టి చేసినవారే. నీలగిరి, సరుగుడు తోటలు వేయువారు నేడు క్లోను మొక్కలనియే బేరమాడుదురు. కొబ్బరికి మాత్రము అంటు లేదు, పిలక లేదు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను ఉద్దానపు తోటలను నేలగూల్చినపుడు, కాయనుండి మొక్కను మొలిపించి యేండ్లకొలది కాచుకొనుటకంటె రైతునకు గత్యంతరము లేకపోయినది. అంటు ఎంత యుపకారియో అది లేనిచోటనే తెలియును. ఒకే అంటునుండి పుట్టిన తోటకు తెగులు తగిలినచో తోటయంతయు నొక్కసారిగ పోవుననియు రైతెఱుగును.

చెట్టునకు సులభమైనది జంతువునకు మిక్కిలి దుస్సాధ్యమైనది. 1996 జూలై 5వ తేదీన స్కాట్లండు దేశమునందలి రోస్లిన్ పరిశోధనాలయములో డాలీ యను గొఱ్ఱెపిల్ల జన్మించెను. ఈడువచ్చిన గొఱ్ఱె పొదుగునుండి తీసిన కణమును, కేంద్రమును తొలగించిన అండముతో సంధించి, ఆ పిండమును మఱియొక గొఱ్ఱె గర్భమునందు పెంచిరి. 277 పర్యాయములట్లు సంధింపగా 29 పిండము లేర్పడినవి. బ్రతికి బట్టకట్టినది డాలీ యొక్కతెయే. అదియు 2003 ఫిబ్రవరిలో మరణించినది. మన దేశమున కర్నాలునందలి పాడిపరిశోధనాలయమువారు 2009 ఫిబ్రవరిలో పుట్టించిన తొలి గేదెదూడ కొలదిదినములకే చనిపోయెను. అదే యేట జూన్ నెలలో పుట్టిన గరిమ యను పడ్డ రెండేండ్లకు పైబడి కొంతకాలమే జీవించినది. మన శాస్త్రజ్ఞుల నేర్పును మేము కొనియాడుదుము. కాని దూడ చనిపోయిన మఱియొకదానికై యత్నింపవచ్చును. పసిబిడ్డ విషయమున నట్లనగలవా డెవ్వడు?

పశువుల లెక్కనే మనుష్యజాతికి అన్వయించి చూతము. 2021లో పార్లమెంటు చేసిన సహాయక ప్రజనన సాంకేతిక చట్టము ప్రకారము ఒక స్త్రీ తన జీవితములో ఒక్కమాఱు మాత్రమే అండదానము చేయవచ్చును. ఏడింటికి మించి తీయరాదు. డాలీకై వెచ్చించిన 277 అండములను ఏడేసి చొప్పున పంచినచో నలుబదిమంది స్త్రీలు కావలెను. పిండములను మోయవలసిన గర్భములు వేఱు. ఒక్క శిశువు కొఱకు, అదియు బ్రతుకునో బ్రతుకదో తెలియని శిశువు కొఱకు, సూదులు పొడిపించుకొని శస్త్రచికిత్స కొడిగట్టు నీ నలుబదిమంది యెచ్చటనుండి వత్తురు? మేడలనుండి రారు. పలాసలో జీడిపిక్కలు ఒలిచి వ్రేళ్లు కాల్చుకొను కూలిస్త్రీలనుండియు, బొగ్గుబండ్లవలె క్రిక్కిఱిసిన రైళ్లలో పొట్టచేతబట్టుకొని వలసపోవు కుటుంబములనుండియు వత్తురు. ఇది వట్టి యూహ కాదు. దక్షిణ కొరియాలో హ్వాంగ్ వూ-సుక్ అను శాస్త్రవేత్త మానవపిండమును క్లోను చేసితినని 2004, 2005 సంవత్సరములలో లోకమునకు చాటుకొనెను. అది మోసమని పిమ్మట బయటపడినది. కాని ఆ మోసమునకై నూఱుమందికి పైబడిన స్త్రీలనుండి రెండువేలకు మించిన అండములు తీసిన మాట సత్యము. ఆ స్త్రీలలో అతని ప్రయోగశాలలో పనిచేయువారును ఉండిరి.

పుట్టని బిడ్డను బేరమునకు పెట్టుట యెట్టిదో విజయనగరమువారికి ఒకరు చెప్పనక్కఱలేదు. నాటి విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల జాబితాను మహారాజావారు తయారుచేయింపగా 1,034 వివాహములు తేలినవని గురజాడ అప్పారావుగారు 1897లో ప్రకటించిన కన్యాశుల్కము పీఠికలో తెలిపియున్నారు. గర్భస్థశిశువులకే బేరములు కుదురుచుండెనని కూడ వారే వ్రాసిరి. ఆ దురాచారమును సమర్థించినవారును ఆనాడు తల్లిదండ్రుల యిష్టమనియే వాదించిరి. నేటి బేరమునకు తెల్లకోటు తొడిగినంతమాత్రమున అది వేఱగునా?

సంతానహీనుల పక్షమున చెప్పు మాటను మేము త్రోసివేయుట లేదు. బిడ్డలు లేని యిల్లాలిని మన గ్రామములలో ఇప్పటికిని శుభకార్యములకు దూరముగ నుంచుట మాకు తెలియును. ఆమె దుఃఖము నిజమైనది. అయినను ఆమెకు కావలసినది బిడ్డ కాని, తన భర్తయొక్కయో తనయొక్కయో ప్రతిబింబము కాదు. అండబీజములను వెలుపల సంయోగపఱచు చికిత్స యున్నది, దత్తత యున్నది, అన్నిటికిని మించి ఆమె నవమానించు నోళ్లను మూయింపవలసిన పని యున్నది. చనిపోయిన కుమారుని మరల పుట్టింపవచ్చునని చెప్పువారు మఱింత క్రూరులు. పుట్టువాడు ఆ కుమారుడు కాడు, వయస్సు వేఱైన కవలసోదరుని వంటివాడు. జీవితాంతమును ఒక మృతుని పాత్ర నభినయింపుమని వానిని శాసించుట న్యాయమా?

కవలల ప్రస్తావన వచ్చినది గనుక మూత్రపిండముల సంగతికి మరలుదము. 1954 డిసెంబరులో బోస్టను నగరమున జోసెఫ్ మరే యను వైద్యుడు ఒక యువకుని మూత్రపిండమును వాని కవలసోదరునకు అమర్చెను. ఆ విధముగ నెగ్గిన మొదటి శస్త్రచికిత్స యదియే. ఇద్దఱి దేహపదార్థము నొక్కటియగుటచే క్రొత్త యవయవమును శరీరము త్రోసివేయలేదు. రోగి యెనిమిదేండ్లు బ్రతికినాడు. క్లోనింగునందలి ఆకర్షణయంతయు నిచటనే యున్నది: తన కణమునుండియే తనకు మూత్రపిండము. దానికై ఒక ప్రతిరూపశిశువును కని వాని కడుపు కోయుదమనువాడు నరహంతకుడు. కణమును మాత్రము పెంచి దానిచే అవయవమును నిర్మింపజూచువాడు వైద్యుడు. ఈ రెంటిని ఒకే పేరుతో పిలుచుటచేతనే లోకమున నింత గందరగోళము కలిగినది.

ఈ రెండవమార్గమున నేడు అండములతో పనియే లేకుండ పోవుచున్నది. జపానుదేశీయుడు షిన్యా యమనాక 2006లో ఎలుక కణమును, 2007లో మనుష్యుని కణమును వెనుకకు నడిపించి మూలకణముగ మార్చెను. 2012లో నోబెలు బహుమానము నందెను. 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు అట్టి కణములనుండి మూత్రపిండపు చిన్ననమూనాలను పెంచి చూపిరి. అవి యింకను రోగికి అమర్పదగినవి కావు. ఆ సంగతి దాచి ఉద్దానపు రోగులకు ఆశలమ్ముట పాపము. కాని వ్యాధి యెట్లు పుట్టుచున్నదో, ఏ విషము ఏ కణమును చంపుచున్నదో పరీక్షించుటకు ఆ నమూనాలు పనికివచ్చును. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతముల ప్రజలను దశాబ్దములుగ దహించుచున్న యీ రోగమునకు నీరు కారణమో, పురుగుమందులు కారణమో, ఎండలో చాకిరి కారణమో యింకను నిర్ధారితము కాలేదు.

ఇట్టితఱిని మన పండితులు చేయవలసిన పనియేమి? 2019 జనవరిలో జలంధరు సమీపమున జరిగిన భారత విజ్ఞాన మహాసభలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నాటి ఉపకులపతి కౌరవులు మూలకణవిద్యచే జనించిరని సెలవిచ్చిరి. కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి ఉపాధ్యక్షులుగ నుండిన పీఠమునుండి వచ్చిన మాట యిది! వ్యాసభగవానుని కల్పనాశక్తి కంటె గొప్పది మఱి లేదని మేమును నమ్ముదుము. నూటయొక్క కుండల కథ మన వాఙ్మయమునకు ఆభరణము. దానిని ప్రయోగశాల చిట్టాగ చదువుటచే వ్యాసునకు గౌరవము హెచ్చదు, ఉద్దానమున నొక్క రోగికిని నొప్పి తగ్గదు. దేశాభిమానము పూర్వులు కనిపెట్టిరని తృప్తిచెందుటలో నున్నదా, మనము కనిపెట్టుటలో నున్నదా?

2005 మార్చి 8వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వవిధ మానవ క్లోనింగును నిషేధింపుడని కోరిన ప్రకటనకు 84 దేశములు అనుకూలముగను, 34 ప్రతికూలముగను వోటుచేసినవి. 37 తటస్థముగ నుండినవి. శిశుసృష్టిని భారతదేశము సమర్థింపలేదు. అయినను చికిత్సకు ద్వారము మూయరాదని ప్రతికూలపక్షమున నిలిచినది. అది సరియైన వోటు. కాని స్వదేశమున నేమి చేసితిమి? భారత వైద్యపరిశోధనా మండలి మార్గదర్శకసూత్రములు శిశువును క్లోను చేయుటను నిషేధించుచున్నవి. మార్గదర్శకము శాసనము కాదు. మీఱినవానిని చెఱకు పంపు శక్తి దానికి లేదు. మన మండలముల పార్లమెంటు సభ్యులు ఈ నిషేధమును శిక్షతో కూడిన చట్టముగ మార్చుమని బిల్లు ప్రవేశపెట్టవలెను. 2023 డిసెంబరులో పలాసయందు తెఱవబడిన మూత్రపిండ పరిశోధనాకేంద్రమున కణపరిశోధనకు ప్రత్యేకశాఖ నేర్పఱచి, దానికి కావలసిన ధనము నీ వత్సరపు ఆయవ్యయపత్రములోనే చూపుమని శాసనసభలో నడుగవలసినవారు మన శాసనసభ్యులు. వారేమి ప్రత్యుత్తరము తెత్తురో పాఠకులకు నివేదింతుము.