బయోమెడికల్ ఇంజనీరింగ్: పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా?

ఎంసెట్ ఫలితాలు వచ్చే రోజుల్లో (2024 నుంచి దాని పేరు ఈఏపీసెట్ అయింది) మన వార్డుల్లో మందుల గురించి అడిగేవారికన్నా సీట్ల గురించి అడిగేవారే ఎక్కువ. "సిస్టరమ్మా, మా పిలగానికి బయోమెడికల్ వస్తదంటున్నరు. దవాఖాన కోర్సే గదా, పైసలొస్తయా?" అంటారు. మేము నర్సులం, ఇంజనీర్లం కాము. అయితే ఆ చదువు చదివినవారు బాగుచేసే యంత్రాలతో రాత్రింబగళ్ళు గడిపేది మేమే కనుక, మా అభిప్రాయం చెప్పవచ్చుననుకుంటున్నాము.

చదువు మంచిదే. కానీ పొలం అమ్మి కొనవలసిన చదువు కాదు. కన్వీనర్ కోటాలో సీటు వస్తే, పిల్లవాడికి ఇష్టముంటే చేర్చండి. మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు పోసి మాత్రం వద్దు.

ముందుగా, పేరులోని 'బయో' చూసి ఇది సగం డాక్టరు చదువు అనుకోవద్దు. ఇందులో శరీర ధర్మాలు కొంత నేర్పుతారు గానీ ఎక్కువ భాగం సర్క్యూట్లు, సెన్సార్లు, గణితం. గుండె కొట్టుకోవడాన్ని ఈసీజీ యంత్రం గీతగా ఎలా మారుస్తుంది, వేలికి తగిలించే చిన్న క్లిప్పు రెండు రకాల కాంతితో రక్తంలోని ఆక్సిజన్‌ను ఎలా కొలుస్తుంది, ఇలాంటివి. లెక్కలంటే భయపడి పారిపోయే పిల్లలకు ఇది సరిపడదు.

ఇలాంటివారి అవసరం ఉందా అంటే, చాలా ఉంది. జాతీయ ఆరోగ్య మిషన్ 2015లో పరికరాల నిర్వహణ పథకం మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏముందో లెక్క తీయించింది. 29,115 ఆరోగ్య కేంద్రాల్లో 7,56,750 పరికరాలు, వాటి విలువ సుమారు 4,564 కోట్ల రూపాయలు అని తేలింది. వాటిలో, రాష్ట్రాన్ని బట్టి, 13 నుంచి 34 శాతం దాకా పనిచేయడం లేదు! ఆ అంకె వెనుక ఏముందో వార్డులో ఉన్నవారికి తెలుసు. పసిబిడ్డను పడుకోబెట్టే వార్మర్‌లో బిడ్డ ఒంటికి అంటించే ప్రోబ్ ఊడితే, బిడ్డ చల్లబడిందనుకుని యంత్రం ఇంకా వేడి పెంచుతుంది. డెఫిబ్రిలేటర్ బ్యాటరీ రోజూ చూసుకోకపోతే గుండె ఆగిన మనిషి ముందు అది ఉత్త పెట్టె. సిరంజి పంపు గంటకు 5 మిల్లీలీటర్లని చూపిస్తూ 7 పంపిస్తే నర్సుకు కంటితో తెలియదు. కొలిచి చూసే మనిషి కావాలి.

అంత అవసరమున్నప్పుడు జీతం కూడా అంత ఉండాలి కదా? లేదు. మేము చూసినంతలో ఆసుపత్రుల్లో కొత్తగా చేరిన ఇంజనీరు చేతికి వచ్చేది నెలకు 15 నుంచి 25 వేలు. కారణం దాచవలసినది కాదు. ఆసుపత్రులు యంత్రం కొనడానికి దాతలను అడుగుతాయి, ప్రారంభోత్సవం చేస్తాయి, పేరు చెక్కిన పలక పెడతాయి. దాన్ని చూసుకునే మనిషి జీతానికి మాత్రం దాత దొరకడు. అందుకే ఏటా కంపెనీకి నిర్వహణ ఒప్పందం డబ్బు కట్టి, హైదరాబాద్ నుంచి మెకానిక్ ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూస్తాము. చిన్న ఆసుపత్రులన్నిటిదీ ఇదే కథ, మిషన్ ఆసుపత్రులు వేరు కాదు.

ఇప్పుడు ఇంటి లెక్క చూద్దాం. ఫీజు, హాస్టల్ కలిపి 8 లక్షలు అప్పు చేశారనుకోండి. 11 శాతం వడ్డీతో ఏడేళ్ళలో తీర్చాలంటే నెల వాయిదా సుమారు 13,700 రూపాయలు. చదివే నాలుగేళ్ళలో పెరిగే వడ్డీ ఇందులో కలపలేదు. నెలకు 20 వేలు తెచ్చుకునే పిల్లవాడికి మిగిలేది 6,300. హైదరాబాద్‌లో గది అద్దె, తిండి అందులోనే. ఇంటికి పంపేది ఏముంటుంది? ఐదారేళ్ళు వెంటిలేటర్లు, స్కానింగ్ యంత్రాల మీద చెయ్యి తిరిగితే కంపెనీల్లో మంచి జీతమే వస్తుంది. ఆ ఐదారేళ్ళు అప్పు లేకుండా గడపగలగాలి, అదీ సంగతి. చాలామంది అంతవరకు ఆగలేక సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళిపోతున్నారు. అక్కడికే వెళ్ళేటట్లయితే మొదటే కంప్యూటర్ బ్రాంచి తీసుకోవచ్చు.

అదే సీటు ఉస్మానియా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఆదాయ పరిమితిలో ఉన్న ఎస్సీ, ఎస్టీ పిల్లలకు మన రాష్ట్రంలో ఫీజు మొత్తం తిరిగి వస్తుంది. బీసీ, మైనారిటీ పిల్లలకు 10 వేల లోపు ర్యాంకు అయితే మొత్తం, దాటితే 35 వేల వరకు. మన సంఘాల్లో బీసీ-సీ కిందికి వచ్చే కుటుంబాలు చాలా ఉన్నాయి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు కౌన్సెలింగ్‌కు ముందే తీసి పెట్టుకోండి. ఒక జాగ్రత్త: ప్రభుత్వ డబ్బు ఆలస్యమైతే ప్రైవేటు కాలేజీలు ముందు మీరే కట్టండి అంటాయి. 2025లో ఈ బకాయిల కోసమే కాలేజీలు బంద్ కూడా పాటించాయి.

పదో తరగతి అయిన పిల్లలకు ఇంకో దారి ఉంది. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా చేసి, పని నేర్చుకుని, కావాలంటే ఈసెట్ ద్వారా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. డిప్లొమా అంటే కొందరు ముఖం చిట్లిస్తారు. మా చదువు కూడా డిప్లొమాయే, దానితోనే వార్డులు నడుస్తున్నాయి.

అమెరికా మాట కూడా వస్తుంది. అక్కడ ఈ ఇంజనీర్ల మధ్యస్థ జీతం ఏడాదికి లక్ష డాలర్లకు పైనే, నిజమే. కానీ 2023లో ఆ దేశమంతటికీ ఈ ఉద్యోగాలు దాదాపు 20 వేలు. సాఫ్ట్‌వేర్ రాసేవారు 16 లక్షలకు పైగా. పైగా 2025 సెప్టెంబరులో బయటి దేశాల నుంచి తెచ్చుకునే కొత్త హెచ్-1బీ ఉద్యోగికి లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఆ ఆశ మీద ఇల్లు తాకట్టు పెట్టకండి.

మన దగ్గర అవకాశాలు లేవని కాదు. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది, విశాఖపట్నంలో 270 ఎకరాల మెడ్‌టెక్ జోన్ ఉంది. రామన్నపేట స్టేషన్‌లో రైలెక్కితే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. 1990ల్లో నిమ్స్ వైద్యులు అడిగితే అబ్దుల్ కలాం బృందం క్షిపణికి వాడిన తేలికైన పదార్థంతో పోలియో పిల్లల కాళ్ళకు కాలిపర్లు చేసింది. 3 కిలోల బరువు 300 గ్రాములకు దిగింది. ఫ్లోరైడు నీళ్ళతో, పోలియోతో వంగిన కాళ్ళను చూసిన మన నల్గొండ ప్రాంతానికి ఆ పని విలువ ఒకరు చెప్పనక్కరలేదు. అలాంటి పని చేయాలనే పట్టుదల మీ అమ్మాయికో అబ్బాయికో ఉంటే అడ్డు చెప్పకండి.

కాలేజీకి వెళ్ళినప్పుడు భవనాలు చూసి రావద్దు. మూడు ప్రశ్నలు అడగండి. విద్యార్థులు ఏ ఆసుపత్రిలో, ఎన్ని నెలలు పనిచేస్తారు? ప్రయోగశాలలో విప్పి చూడనిచ్చే వెంటిలేటర్, డయాలిసిస్ యంత్రం ఉన్నాయా? పోయిన సంవత్సరం చదువు ముగించినవారిలో ఆసుపత్రుల్లో, పరికరాల కంపెనీల్లో చేరింది ఎందరు, సాఫ్ట్‌వేర్‌లో చేరింది ఎందరు? చివరి అంకెను కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే ఇంకో కాలేజీ చూసుకోండి.