సెకనుకు లక్ష ఎంట్రీలు మనకెందుకు?

పోయిన ఆదివారం సభ్యత్వ సాఫ్ట్‌వేర్ మీద జరిగిన చర్చ విన్నాక ఇది రాయక తప్పడం లేదు. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

వచ్చిన కంపెనీవాళ్లు ముప్పావు గంట ఒకటే పాట పాడారు: మా డేటాబేస్ సెకనుకు లక్ష ఎంట్రీలు రాస్తుంది అని. మన హోసూరు సంఘంలో ఉన్నది రెండు వేల చిల్లర సభ్యులం. ఉగాది చందాల రద్దీలో కూడా నిమిషానికి పది రసీదులు తెగవు. అయినా మనవాళ్లు చప్పట్లు కొట్టారు!

మనకు దెబ్బ తగిలింది వేగం దగ్గర కాదండీ. పిల్లల చదువు తమిళంలో, ఇంగ్లీషులో ఎలాగూ సాగిపోతోంది, కనీసం మన జాబితాలోనైనా పేర్లు తెలుగులో ఉండాలని పట్టుబట్టాం. నాలుగు నెలల తర్వాత తీసి చూస్తే పేర్లున్న చోట వరసగా ప్రశ్నార్థకాలు. పాత రిజిస్టరు ఉండబట్టి చాలావరకు బయటపడ్డాం. ఆన్‌లైన్లో చేరినవాళ్లకు ఫోన్లు చేసి పేర్లు అడగాల్సి వచ్చింది. "యాభై రెండేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను, నా పేరే మీ దగ్గర లేదా?" అన్నారు ఒక పెద్దాయన. మేము ఏం చెప్పగలం?

ఇది అరుదైన జబ్బేమీ కాదు. మైఎస్‌క్యూఎల్‌లాంటి పేరున్న డేటాబేస్‌లోనే 2018లో 8.0 వచ్చేదాకా, మనం మార్చకపోతే ఉండే లిపి అమరిక లాటిన్‌దే. అందులో తెలుగు అక్షరానికి చోటు లేదు. కట్టుదిట్టమైన అమరిక పెట్టకపోతే అది పని ఆపదు. ఒక హెచ్చరిక గొణిగి ప్రశ్నార్థకం రాసేస్తుంది.

ఇక ఆ లక్షల వేగం ఎక్కడినుంచి వస్తుందో చూడండి. చాలాసార్లు, డిస్కు మీద రాయకముందే "రాసేశాను" అని జవాబివ్వడం వల్ల. రసీదు చింపి ఇచ్చి పద్దు తర్వాత రాద్దాంలే అనుకునే గుమాస్తా లాంటిదే. ఆ మధ్యలో కరెంటు పోతే చందా కట్టిన మనిషి సభ్యుడు కాడు, ఎన్నికల్లో ఓటు ఉండదు. మాంగోడీబీ డ్రైవర్లు 2012 చివరిదాకా మామూలుగా జవాబు కోసం ఆగేవే కావు. పోస్ట్‌గ్రెస్ అలా కాదు: మనం వద్దంటే తప్ప, లాగ్ డిస్కుకు చేరాకే సరే అంటుంది. పైగా ఉచితం. మా ఓటు దానికే.

అలాగని దాన్నీ గుడ్డిగా నమ్మొద్దు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటానే చెరిపేశారు. వాళ్లదీ పోస్ట్‌గ్రెస్సే. రకరకాల బ్యాకప్‌లు ఉన్నాయనుకున్నారు. తీరా చూస్తే రోజువారీ బ్యాకప్ అసలు పడడమే లేదు. ఎవరో అంతకు ఆరు గంటల ముందు చేత్తో తీసుకున్న నకలే గతైంది. ఆ ఆరు గంటల డేటా పోయింది.

వచ్చే ఆదివారం కంపెనీవాళ్లు మళ్లీ వస్తున్నారు. శ్రీ, కృ, జ్ఞ ఉన్న ఇరవై పేర్లు మేము రాసి తెస్తాం. అవి ఎక్కిస్తుండగా ప్లగ్గు పీకుతాం. తర్వాత వాళ్ల బ్యాకప్‌ను మన కంప్యూటర్‌లో, మన ముందే తెరిచి చూపించమంటాం. అప్పటిదాకా అడ్వాన్సు చెక్కు మీద సంతకం పెట్టొద్దని కోశాధికారి గారికి మనవి.